ఉర్దూ బడిలో తెలుగు కుర్రాడు

కాలేజీ కుర్రాళ్ళ వేషాల మీదా, క్యాంటీను కబుర్ల మీదా మనం నవలలు బోలెడు చదివాం. రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను లెండి! నాకు మాత్రం నిజాం రాజ్యపు కుర్రాళ్ళ కాలేజీ చదువంటేనే ఎక్కువ కుతూహలం. ఇంట్లో అమ్మతో తెలుగు. క్లాసులో చరిత్రా, లెక్కలూ, సైన్సూ సమస్తం ఉర్దూలో!

మంజీర ఒడ్డున ఉన్న బీర్కూరునే తీసుకోండి. 2016లో కామారెడ్డి జిల్లాలోకి వచ్చిందిగానీ, అంతకుముందు నిజామాబాదు జిల్లా. 1948 దాకా నిజాం ఏలుబడి. ఆ రోజుల్లో అక్కడి పిల్లవాడికి యూనివర్సిటీ చదువంటే హైదరాబాదే. 1918లో వెలసిన ఉస్మానియాలో బోధన ఉర్దూలో సాగేది. ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి దింపడానికి ఏకంగా ఒక అనువాద శాఖనే పెట్టారు. మన దేశపు భాషలో పై చదువులు చెప్పడం గొప్ప ఆలోచనే, కాదనను. కానీ ఆ రాజ్యంలో ఎక్కువ ఇళ్ళల్లో మాట్లాడే భాష అది కాదే!

ఈ దారిన నడిచినవాళ్ళలో ఒకరు మనందరికీ తెలుసు. కామారెడ్డి మీదుగా తూర్పుకి వెళితే సిరిసిల్ల వస్తుంది. ఆ ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో ఓ రైతు ఇంట పుట్టిన సింగిరెడ్డి నారాయణరెడ్డి. అదేనండీ, మన సినారె! మొదట వీధిబడి, తర్వాత సిరిసిల్ల, ఆపైన కరీంనగర్. చదువంతా ఉర్దూలోనే, తెలుగు ఐచ్ఛికం మాత్రమే. చాదర్‌ఘాట్ కాలేజీలో ఇంటరూ, ఉస్మానియాలో బి.ఏ.యీ అంతే.

మరి తెలుగు ఎక్కడ అబ్బింది? సగం ఊళ్ళోనే. చిన్నప్పుడు విన్న హరికథలూ, జంగం కథలూ, జానపదాలూ చెవుల్లో ఉండిపోయాయి. మిగతా సగం సుల్తాన్ బజారులో. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో కూర్చుని తెలుగు పుస్తకాలు చదివేవారట. పరీక్షకు పనికిరాని చదువు! ఏ తండ్రి అయినా చూస్తే, ‘ఇందుకా నిన్ను పట్నం పంపింది?’ అనేవాడే. ఆ చదువే 1954లో తెలుగు ఎం.ఏ. దాకా, 1962లో ‘గులేబకావళి కథ’ పాటల దాకా, 1988లో ‘విశ్వంభర’కు జ్ఞానపీఠం దాకా తీసుకువెళ్ళింది. అలాగని ఉర్దూ వృథా పోలేదు. తెలుగులో ఆయన గజళ్ళు రాసి, తానే పాడి వినిపించారంటే అది ఆ బడి పుణ్యమే.

ఇంతవరకూ కుర్రాళ్ళ ఊసే వచ్చింది. ఆడపిల్లల మాటేమిటంటారా? హైదరాబాదులో 1924 నుంచే మహిళా కళాశాల ఉంది, నిజమే. పల్లెటూరి పిల్లకు అది అందే దూరమా! పుస్తకం కోసం పట్నం వెళ్ళిన తమ్ముడికి అరిసెలు మూటకట్టి ఇవ్వడంతో చాలామంది అక్కల చదువు ముగిసింది.

అందుకే సినారె ఉద్యోగాలన్నిటిలో నాకు నచ్చింది సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా చేసిన ఉద్యోగం. 1982లో పుట్టిన ఆ యూనివర్సిటీలో ఇంటరు లేకపోయినా అప్పట్లో అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది; పాఠాలు తెలుగులో ఇంటికే వచ్చేవి. పిల్లల్ని పడుకోబెట్టి, వంటింటి దీపం కింద ఆ పుస్తకాలు తెరిచిన ఇల్లాళ్ళు మన వీధి వీధికీ ఉన్నారు. వాళ్ళకు క్యాంపస్ లేదు, క్యాంటీనూ లేదు. సెలవురోజున అన్నం వార్చి, మూత పెట్టి, క్లాసుకని బస్సెక్కేవాళ్ళు.