ఇటుకల పనివాడి చేతిలో శస్త్రవిద్య

18వ శతాబ్దం చివర పుణె దగ్గర తెగిన ముక్కుకు బదులు కొత్త ముక్కు పెట్టిన వైద్యుడు ఇటుకలు చేసే కులానికి చెందినవాడు. మట్టిపని, మనిషి ఒంటి మీద చేసే శస్త్రచికిత్స ఒకే చేతుల్లో కలిసిన వృత్తికి చరిత్రలో బాగా నమోదైన ఉదాహరణ ఇది.

ఈ విద్యకు మూలాలు చాలా పాతవి. నేరానికీ, పగకూ ముక్కు కోయడం మన దేశంలో ఎన్నో శతాబ్దాల పాటు సాగింది. అందుకే ముక్కు అతికే పనికి గిరాకీ ఎప్పుడూ ఉండేది. సుశ్రుత సంహిత ఈ చికిత్సను వివరించింది. ముక్కు కొలతకు ఆకును కత్తిరించి, ఆ మేరకు చెంప నుంచి చర్మం తీసి అతకాలని చెప్పింది. శిష్యులు ముందుగా గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద కోతలు కోసి చెయ్యి తిప్పుకోవాలని కూడా నియమం పెట్టింది. శస్త్రవిద్య చదివితే సరిపోదు, చేత్తో చేసి నేర్చుకోవాలన్నది ఆ గ్రంథం ఉద్దేశం.

కాలక్రమంలో నెత్తురు, చీము ముట్టుకోవడం మైలగా మారింది. ధర్మశాస్త్రాలు వైద్యుడి ఇంటి భోజనాన్ని కూడా నిషిద్ధాల్లో చేర్చాయి. గ్రంథం చదివే పండితులు కత్తికి దూరం జరిగారు. కత్తి పని చేతివృత్తులవారి ఇళ్లకు చేరి, తండ్రి నుంచి కొడుక్కి అందుతూ వచ్చింది. తెలుగు పల్లెల్లోనూ ఇదే జరిగింది. గడ్డం గీసే మంగలే సెగగడ్డలు కోసేవాడు, ఆ ఇంటి ఆడవాళ్లు మంత్రసానులుగా పురుళ్లు పోసేవారు.

పుణె చికిత్స వెలుగులోకి రావడానికి కారణం కావస్‌జీ అనే మరాఠా బండివాడు. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఇంగ్లిషు సైన్యం కోసం ఎడ్లు తోలుతూ టిప్పు సుల్తాను సేనలకు చిక్కాడు. వాళ్లు అతని ముక్కు, ఒక చెయ్యి నరికేశారు. ఏడాదికి పైగా ముక్కు లేకుండా బతికాక ఈ వైద్యుణ్ణి ఆశ్రయించాడు. బొంబాయికి చెందిన థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే అనే ఇంగ్లిషు వైద్యులు ఈ చికిత్సను కళ్లారా చూశారు. ఆ వివరాలు 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో బొమ్మతో సహా అచ్చయ్యాయి.

చికిత్స సాగిన తీరు ఇది. పలుచని మైనపు రేకును మొండిముక్కు మీద ఉంచి, చక్కని ముక్కు ఆకారం వచ్చేలా వంచేవారు. తర్వాత దాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీసేవారు. ఆ గీత మేరకు చర్మాన్ని లేపి, రెండు కళ్ల మధ్య సన్నని పట్టీని మాత్రం కోయకుండా వదిలేవారు. కొత్త చోట అతుక్కునే దాకా చర్మానికి రక్తం అందేది ఆ పట్టీ గుండానే. మొండిముక్కు అంచులు చెక్కి, పై పెదవి వరకు గాటు పెట్టి, నుదుటి చర్మాన్ని మెలితిప్పి కిందికి దించి ఆ గాటులో పొదిగేవారు. కుట్లు లేవు. తాంబూలంలో వేసుకునే కాచును నీళ్లతో మెత్తగా చేసి, గుడ్డ ముక్కలకు పూసి, ఐదారు పొరలుగా అంటించేవారు. నాలుగు రోజుల తర్వాత వాటిని తీసి నేతిలో ముంచిన గుడ్డలు వేసేవారు. పదో రోజున ముక్కు రంధ్రాలు పూడిపోకుండా మెత్తని గుడ్డ పెట్టేవారు. సుమారు 25వ రోజున కళ్ల మధ్య పట్టీని కోసేవారు.

ఈ పద్ధతి సుశ్రుతుడి మాటను యథాతథంగా పాటించింది కాదు. చర్మం తీసే చోటు చెంప నుంచి నుదుటికి మారింది, ఆకు బదులు మైనం వచ్చింది. ఆకారాన్ని ముందు రేకులో తీసి చూసుకుని, దాన్నే చదును చేసి కొలతగా వాడడం చేతిపని తెలిసినవాడి ఆలోచన. విద్య చేతులు మారిన కాలంలో క్షీణించలేదు, పెరిగింది.

ఆ వ్యాసం చదివిన లండన్ శస్త్రవైద్యుడు జోసెఫ్ కార్ప్యూ ఏళ్ల తరబడి శవాల మీద సాధన చేసి, 1814 అక్టోబరు 23న ఒక సైనికాధికారికి ఇదే పద్ధతిలో ముక్కు పెట్టాడు. 1816లో దానిపై పుస్తకం ప్రచురించాడు. దానితో ‘భారతీయ పద్ధతి’ అనే పేరు యూరప్‌లో స్థిరపడింది. 1889లో జునాగఢ్ వైద్యాధికారి త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా తాను చేసిన వందకు పైగా ముక్కు చికిత్సల గురించి పుస్తకం రాశారు. విద్య అప్పటికే ఆసుపత్రికి చేరింది. 1912లో బొంబాయిలో, 1914లో మద్రాసులో వచ్చిన వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టాలు పట్టా ఉన్నవారిని లేనివారి నుంచి వేరుచేశాయి. ఇంట్లో నేర్చిన చేతివైద్యానికి ఆ పట్టికలో చోటు దక్కలేదు.

నుదుటి చర్మంతో ముక్కు కట్టే పద్ధతి కొన్ని మార్పులతో నేటికీ ప్లాస్టిక్ సర్జరీలో ప్రధానమైనదే. 1794 నాటి కథనం రోగి పేరు చెప్పింది, వైద్యుడి కులం చెప్పింది. ఆ వైద్యుడి పేరు మాత్రం రాయలేదు. శస్త్రవైద్య చరిత్ర చెప్పేటప్పుడు సుశ్రుతుడి పక్కన, కార్ప్యూ కన్నా ముందు, పేరు తెలియని ఆ ఇటుకల పనివాడికీ స్థానం ఇవ్వాలి.