వృత్తిరోగ పరిహారమును, రాజపోషణమును

భావనాఋషి సంతతివారమని చెప్పుకొను మనము ప్రతివార్షిక సభయందును కులోత్పత్తిని, పూర్వుల నేతనేర్పును, వారు పొందిన రాజసన్మానములను స్మరించుచుండుట ఆచారము. అది తగినదే. కాని వస్త్రమునకు లభించిన సన్మానమును గూర్చి వ్రాసినంతగా, ఆ వస్త్రమును నేసిన చేతికి గలిగిన బాధను గూర్చి మనము వ్రాసికొనలేదు. ఆ లోపమును కొంతయైన పూరింపదలచి యీ వ్యాసమునకు పూనుకొంటిమి.

పినపాక గోదావరికి దాపున, మన్యపుటంచున నున్న ప్రదేశము. 2016 వఱకు ఖమ్మము జిల్లాలో నుండి, పిమ్మట భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. దాని చెంతనే మణుగూరు బొగ్గుగనులు గలవు. మగ్గము కూడు పెట్టని కాలమున మనవారిలో కొందఱు గనిపనికి వచ్చి యీ ప్రాంతమున స్థిరపడిరి. మేమిచట ఉపాధ్యాయులమై యున్న దినములలో మా విద్యార్థి యొకని తండ్రి గనికార్మికుడు. అతని నాయనమ్మ నల్లగొండ ప్రాంతమున ముప్పదియేండ్లు ఆసుపోసి, కొడుకు వెంట వచ్చినది. కొడుకు తెల్లవారుజామున దగ్గుచుండెను. తల్లికి కుడిచేయి భుజము దాటి పైకి లేవకుండెను. ఆమె జడ కోడలు వేయవలసి వచ్చెడిది. కొడుకు దగ్గును చూచుటకు గనివారి వైద్యుడున్నాడు, నీ చేతిని చూచు వారెవ్వరమ్మా యని మేమొకనాడు అడిగితిమి. "నా ఇంట్ల నేను చేసుకున్న పని. ఎవర్ని అడగాలె పంతులూ?" అని యామె నవ్వినది. ఆ ప్రశ్నకు నాడు మా యొద్ద ప్రత్యుత్తరము లేకుండెను. చరిత్రను తిరుగవేసి చూచినచో, ఆ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనదని తెలియవచ్చుచున్నది.

కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ యధికరణములో సూత్రాధ్యక్షుని గూర్చిన ప్రకరణము కలదు. వితంతువులు, అంగవైకల్యము గల స్త్రీలు, దిక్కులేనివారు మొదలగువారిచే నూలు వడికింపవలెనని యందు చెప్పబడినది. ఇల్లు కదలని స్త్రీలకు దాసీలచే పని పంపవలెను. నూలు సన్నదనమును, ముతకదనమును బట్టి వేతనమీయవలెను. వేతనము కాలాతిక్రమణము చేసిన యధికారికి దండనము. మఱియు నెక్కువ నూలు వడికినవారిని నూనెతోను, ఉసిరికపిండి నలుగుతోను అనుగ్రహింపవలెనట! అలసిన తలకును, కనులకును చల్లదనము గూర్చుటకే యీ ద్రవ్యములని మేము తలంచుచున్నాము. అదే గ్రంథమున ఐదవ యధికరణములో, రాజకార్యమునందు మరణించినవారి భార్యాపుత్రులకు భక్తవేతనములు లభింపవలెనని కలదు. ఇచట నొక సూక్ష్మమును గమనింపవలెను. నష్టపరిహారము రాజును యజమానిగా గలవారికి. ఇంట కూర్చుండి వడుకు స్త్రీకి నూనెయు, ఉసిరికయు. అనుగ్రహము వేఱు, హక్కు వేఱు.

ఆధునిక కాలమునకు వత్తము. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడగు విలియం కింగు దొర యిల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీవారు త్రవ్వకపు హక్కును బడసిరి. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడెను. నిజాము ప్రభుత్వము 1929లో కోటి రూపాయలతో పారిశ్రామిక నిధి నొకదానిని నెలకొల్పి, ప్రధానముగా పెద్ద పరిశ్రమలకు చేయూత నిచ్చెను. 1934లో వరంగల్లున ఆజంజాహి మిల్లు వెలసెను. 1945లో సింగరేణి వాటాలలో నధికభాగమును ప్రభుత్వమే కొనెను. పరిశ్రమకు రాజపోషణము మన దేశమున క్రొత్తది కాదని దీనివలన స్పష్టము. అది వచ్చినపుడు గనికిని, మిల్లునకును వచ్చినది.

పరిహారపు చట్టము సైతము ఆ దారినే నడచినది. ఇంగ్లండున 1897లో పుట్టిన కార్మిక పరిహార శాసనము మొదట పనిలో ప్రమాదముచే గాయపడినవానికి మాత్రమే వర్తించెను. సీసము, పాదరసము, భాస్వరము మున్నగువానివలన మెల్లమెల్లగా కలుగు వ్యాధులు 1906లో చేర్చబడెను. మన దేశమున 1923లో చేయబడిన చట్టము 1924 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. వృత్తిరోగము గూడ ప్రమాదమువంటిదేయని యా చట్టము తన మూడవ పట్టికలో నంగీకరించెను. ఆ పట్టిక కాలక్రమమున పెరిగి, ధూళివలన ఊపిరితిత్తులు గట్టిపడు న్యుమోకోనియోసిస్ అను రోగమును, దూదిధూళివలన కలుగు బిస్సినోసిస్ అను రోగమును తనలో చేర్చుకొనినది. ఈ రెండవది మిల్లుపనివారిని సెలవుదినము గడచిన పిమ్మట మొదటిదినముననే యెక్కువగా పట్టుకొను ఛాతీబిగువు. 1955 నాటి గనుల నియమములు కార్మికునకు నియతకాలమున వైద్యపరీక్ష చేయవలెనని విధించెను. 1923 నాటి చట్టము 2009 సవరణవలన ఉద్యోగి పరిహార చట్టమని పేరు మార్చుకొని, తుదకు 2020లో పార్లమెంటు ఆమోదించిన సాంఘిక భద్రతా స్మృతిలో నంతర్భూతమైనది.

పేరు మాఱినను మూలసూత్రము మాఱలేదు. పరిహారము చెల్లింపవలసినవాడు యజమాని. యజమాని యుండినచో రోగమునకు పట్టికలో పేరుండును, వైద్యుడుండును, వాదము వినుటకు అధికారి యుండును. యజమాని లేనిచోట రోగము రోగముగానే యుండును గాని చట్టము కంటికి గోచరింపదు. గనిలోని కొడుకునకు చట్టము కలదు. ఆ హక్కును సాధించుకొనుట సులభమని మేము చెప్పము, కాని సాధించుకొనుటకు ద్వార మొకటి కలదు. ఆసుపోసిన తల్లికి ఆ ద్వారమే లేదు.

ఆసుపోయుట యననేమో ఎఱుగని యువకులకై కొంత వివరింతుము. పోచంపల్లి మొదలగు గ్రామములలో అద్దకపు పట్టుచీర నేయుటకు ముందు, అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టును, ఎదుటి మేకు చుట్టును పోగును చేతితో త్రిప్పవలెను. ఒక చీరకు సుమారు 9,000 పర్యాయములు చేయి యటునిటు సాగవలెను. దినమునకు రెండు చీరలైనచో 18,000. ఈ పని యింటి స్త్రీలది. భుజము పట్టివేయుటయు, కనులు మసకబారుటయు దాని ఫలములు.

ఆలేరు దాపుననున్న శారాజీపేటలో నేతకుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశము గారు తమ తల్లి లక్ష్మి గారి భుజపునొప్పిని చూచి సహింపజాలక, ఆసుపోయు యంత్రమును నిర్మింప సంకల్పించిరి. వారి చదువు ప్రాథమిక పాఠశాలను దాటి యెంతో దూరము సాగినది కాదు. 1992లో నారంభించిన యత్నము 1999లో ఫలించినది. నాలుగు గంటలకు పైబడిన పని సుమారు గంటన్నరలో ముగియజొచ్చెను. యంత్రమునకు తల్లి పేరే పెట్టిరి. గ్రామీణ నూతనకల్పనల నాదరించు జాతీయ నవకల్పనా ప్రతిష్ఠానము అహమదాబాదున నేర్పడినది ఆ మరుసటియేట, అనగా 2000లో. పిమ్మట ఆ సంస్థయు, పల్లెసృజన వారును మల్లేశము గారిని గుర్తించి లోకమునకు చూపిరి. 2011లో పేటెంటు లభించెను. 2017లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. తెలంగాణప్రభుత్వము 2015లో టీ-హబ్బును, 2018లో స్త్రీల యుద్యమములకై వీ-హబ్బును స్థాపించి, 2019లో గ్రామముల నూతనకల్పనలను వెలికిదీయుటకు ఇంటింటా ఇన్నోవేటర్ అను కార్యక్రమము నారంభించెను. ఇవి యన్నియు స్తుతిపాత్రములే. కాని యంత్రము తయారగుచున్న ఆ యేడేండ్లును గడచిన తరువాతనే రాజపోషణము వచ్చినదని మఱవరాదు. ఫలించిన చెట్టునకు నీరు పోయువారు పెక్కుమంది, మొక్కకు పోయువారు అరుదు.

ఈ చరిత్రవలన మేము గ్రహించినది యిది. యజమాని లేని పనివానికి నూతనకల్పనమే మొదటి పరిహారము. జరిగిన హానికి ధనమిచ్చుటకంటె హాని జరుగకుండ చేయుట మేలు. మల్లేశము గారి యంత్రము ఏ న్యాయస్థానమును ఇప్పింపజాలని పరిహారమును వేలకొలది స్త్రీల భుజములకు ఇప్పించినది. అయినను అది చాలదు. యంత్రము రాకమున్నే చేయి పోగొట్టుకొనిన వృద్ధురాండ్ర మాటయేమి? పరులయిండ్లకు కూలికి ఆసుపోసి పొట్టపోసికొను వితంతువుకు, ఆ యింట యంత్రము వచ్చిననాడు కూలియే పోవునేని, ఆమె మాటయేమి? 2022లో తెలంగాణప్రభుత్వము ప్రవేశపెట్టిన నేతన్న బీమా, మరణించిన నేతగాని కుటుంబమునకు అయిదు లక్షల రూపాయలు నిర్ణయించెను. మంచిదే. కాని మరణమునకు వెలకట్టిన పట్టికలో, బ్రదికియుండి చేయి లేవని స్త్రీకి చోటు లేకపోయెను.

యజమాని లేనిచో పరిహార మెట్లు సాధ్యమని కొందఱందురు. మన యిండ్లనుండియే దానికి సమాధానము కలదు. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో మన స్త్రీలు పెక్కుమంది యింటనే కూర్చుండి బీడీలు చుట్టుదురు. వారికొఱకు 1976లో కేంద్రప్రభుత్వము బీడీలపై స్వల్పమైన సుంకము విధించి, దానితో సంక్షేమనిధి నేర్పఱచి, వైద్యశాలలు నెలకొల్పెను. 2017లో వస్తుసేవాపన్ను వచ్చినపుడు ఆ సుంకము రద్దయినది. అయినను ఇంటిలో పనిచేయు స్త్రీని చట్టము చూడగలదని నలువదియేండ్ల యనుభవము ఋజువుచేసినది. బీడీ చుట్టు చేతికి సాధ్యమైనది, ఆసుపోయు చేతికేల సాధ్యము కాదు?

కావున ఈ మహాసభవారికి మేము మూడు విన్నపములు చేయుచున్నాము. ఒకటి: ప్రతిశాఖాసంఘమును తన గ్రామమున ఆసు, కండెలు, మగ్గము పనిచేయు స్త్రీపురుషుల వయస్సు, పని, బాధ యొక పుస్తకమున వ్రాయించి యుంచవలెను. వ్రాత లేనిచో హక్కు లేదు. రెండు: యంత్రము కొనలేని యిండ్లకు సంఘనిధినుండి వడ్డీలేని ఋణమీయవలెను. మొదటి యంత్రములు వితంతువులకే చెందవలెను. మూడు: చేనేతవారి వృత్తిరోగములకు నియతకాలిక వైద్యపరీక్షయు, రోగభృతియు కల్పించు నిధిని ఏర్పఱుపవలసినదని ప్రభుత్వమును కోరుచు తీర్మానము చేయవలెను.

ఆ వృద్ధురాలు నేడు లేదు. ఆమె యడిగిన ప్రశ్న మాత్రము మిగిలియున్నది. ఎవరిని అడుగవలెనని మనయింటి స్త్రీలు మఱల అడిగిననాడు, సంఘమును అడుగుమని, సంఘము ప్రభుత్వము నడుగునని చెప్పగల స్థితికి మనము వచ్చితిమేని, ఈ సభలు సార్థకములగును.

స్వస్తి.