మంజీర నీటిపై మొలిచిన రాజతోట

నిజామాబాద్ (ఇందూరు) నుంచి బాసర దారిలో పది కిలోమీటర్ల దాకా పోయి, రోడ్డు దిగి మరో రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే అలీసాగర్ వస్తుంది. ఎదురుగా జలాశయం, దాని నడుమ చిన్న ద్వీపం, ఒడ్డున పూలతోట, గుట్ట మీద నిజాం కాలపు వేసవి విడిది కనిపిస్తాయి. నిజామాబాద్, బోధన్ వాళ్లకు ఇది సెలవు రోజున పిల్లాపాపలతో గడిపే చోటు. ఈ తోట వెనక ఇరాన్ పీఠభూమి నుంచి బీదర్, గోల్కొండల మీదుగా మన దాకా సాగి వచ్చిన రెండున్నర వేల ఏళ్ల ఉద్యాన సంప్రదాయం ఉంది.

నీళ్లతో గీసిన పటం

క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో పర్షియా చక్రవర్తి సైరస్ తన రాజధాని పసర్గదేలో తోట వేయించాడు. దాని రాతి కాలువల ఆనవాళ్లు నేటికీ ఉన్నాయి. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న ఆ నేలలో కొండల అడుగున ఊరే నీటిని ‘ఖనాత్’ అనే సొరంగ కాలువల్లో, వాలును బట్టి మైళ్ల దూరం పారించేవారు. ఆ నీరు చేరిన చోటే తోట. వేడిగాలి చొరబడకుండా చుట్టూ గోడ కట్టి, ఒకదాన్నొకటి ఖండించుకునే కాలువలతో నేలను నాలుగు మళ్లుగా విభజించేవారు. నీడకూ పండ్లకూ చెట్లు నాటి, చూపు నలుదిక్కులా సాగే చోట మంటపం నిలబెట్టేవారు. అదే చార్‌బాగ్. అందులో ప్రతి అందానికీ ఒక పని ఉంది. పారే నీరు మొక్కల దాహం తీర్చి, మంటపంలో కూర్చున్న వారికి చల్లదనాన్నీ ఇస్తుంది. ఇలాంటి తొమ్మిది ఇరాన్ తోటలను యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బీదర్ దారిలో, గోల్కొండ నీడలో

ఈ విద్య దక్కనుకు బహమనీ సుల్తానుల కాలంలో వచ్చింది. పదిహేనో శతాబ్దంలో బీదర్ రాజధాని అయ్యాక ఇరాన్ పండితులు, శిల్పులు, వ్యాపారులు అక్కడికి తరలివచ్చారు. పెద్ద మదర్సా కట్టించిన మంత్రి మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గిలాన్ ప్రాంతం వాడు. ఖనాత్ పద్ధతిలోనే తవ్విన ‘కరేజ్’ సొరంగ కాలువ బీదర్ శివార్లలో ఇప్పటికీ ఉంది. ఆ బీదర్ సీమను తడిపే మంజీర నదే కిందికి సాగి మన బోధన్ ప్రాంతాన్ని పండించి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది.

గోల్కొండ నేలిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి వచ్చినవాడు. 1591లో హైదరాబాద్ నగరానికి రూపకల్పన చేసిన మీర్ మోమిన్‌ది ఇరాన్‌లోని అస్తరాబాద్. కుతుబ్‌షాహీల తోటలు ఎలా ఉండేవో చూడాలంటే గోల్కొండలోని నయాఖిలాకు వెళ్లాలి. 2014లో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ అక్కడ తవ్వితే కాలువలు, మట్టి గొట్టాలు, తొట్లు, ఫౌంటెన్లు, నడక దారులు బయటపడ్డాయి. మన రాష్ట్రంలో పర్షియన్ పద్ధతి తోట ఎముకల గూడును కళ్లారా చూడగల చోటు అది.

అలీసాగర్ అసలు బలం

కచ్చితమైన చార్‌బాగ్ కొలతలతో చూస్తే అలీసాగర్ అందులో ఇమడదు. నాలుగు మళ్ల పటం ఇక్కడ లేదు. ఆధునిక ఇంజినీరింగ్, దక్కను గుట్టల స్వభావం ఇందులో కలిసిపోయాయి. అయినా ఆ తోటల మూలసూత్రం ఇక్కడ నిండుగా ఉంది. దూరం నుంచి నీరు తెచ్చి, వాలు చూసి నిలిపి, దాని పక్కనే తోట పెంచి, ఎత్తున విడిది కట్టారు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1923లో మొదలై 1931లో మంజీరపై పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు నుంచి ఆ నీరు వచ్చింది. ఆ ప్రాజెక్టు శిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్‌లో ఇంజినీరింగ్ చదివిన ఆయన జన్మదినం జూలై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. నిజాంసాగర్ ప్రధాన కాలువ నీటిని సర్దుబాటు చేసే జలాశయంగా 1931లో వెలసిన అలీసాగర్ ఆయన పేరునే మోస్తోంది.

ఆ కాలువే బోధన్ నల్లరేగడిని చెరకు తోటగా మార్చింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నిజాంసాగర్‌లో పూడిక పెరిగింది. ఎగువన సింగూరు ప్రాజెక్టు కట్టాక వచ్చే నీరూ తగ్గింది. అందుకే కోస్లి దగ్గర గోదావరి నీటిని ఎత్తిపోసి అలీసాగర్‌కు తెచ్చే పథకం కట్టాల్సి వచ్చింది. రాజు తోటకూ రైతు మడికీ నీటి తల్లి ఒక్కతే. ఒకదాని కష్టం రెండోదాన్ని తాకక మానదు.

చూసేవారికి, కాపాడేవారికి

అలీసాగర్ చూడటానికి వానాకాలం వెళ్లాక జలాశయం నిండుగా ఉండే రోజులు మేలు. గుట్టెక్కి విడిది దగ్గర నిలబడి కిందికి చూస్తే నీరు, తోట, దూరపు పంటపొలాలు ఒకే చూపులో అందుతాయి. జింకల పార్కు, పూలమళ్లు చూసినంత శ్రద్ధగా కాలువనూ తూములనూ పిల్లలకు చూపించండి. తోట ఎలా బతుకుతుందో అక్కడే అర్థమవుతుంది.

అధికారులు చేయాల్సింది కూడా ఉంది. పాత కట్టడాలనూ నీటి దారులనూ కొలిచి పటం గీయించాలి. కొత్త కాంక్రీటు వాటిని కప్పేయకుండా హద్దులు పెట్టాలి. కట్టిన ఇంజినీరు కథను తెలుగులో, ఉర్దూలో గుట్ట మీద రాయించాలి. అన్నిటికన్నా ముందు జలాశయం పూడిక తీయించాలి. నీటిని కాపాడితేనే ఈ తోటను కాపాడినట్టు.