తెలుగు లిపికి తాళపుచెవి: ‘పద్మ’ చరిత్ర

చెన్నపట్టణము తెలుగు అచ్చుకు పుట్టినిల్లు కాకపోయినను పెంచిన యిల్లు అనుటలో సందేహము లేదు. బ్రౌను దొరగారి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో ఇచ్చటి వేపేరిలోనే అచ్చయినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో నెలకొల్పిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో ఈ నగరమునకు తరలివచ్చి దినపత్రిక అయినది. 1947 జులైలో ‘చందమామ’ ఉదయించినదియు ఇచ్చటనే. ఆ కాలమున సీసపు అక్షరములు అచ్చుకూటములో ఉండెడివి. వాటిని కొనుట, పేర్చుట, అరిగినవాటిని మరల పోతపోయుట అచ్చుకూటము వారి పని. పత్రిక కొన్నవారికి కండ్లుండిన చాలును. చదువరి యింట సీసపు అక్షరము ఒక్కటియు ఉండనక్కరలేదు.

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ న్యాయము తలక్రిందులైనది. 1990ల చివర తెలుగు పత్రికలు ఇంటర్నెట్టులోనికి వచ్చినపుడు, దూరదేశములలోని మనవారు పండుగ చేసికొన్నారు. కాని ప్రతి పత్రికకును తనదైన ఫాంటు ఉండెడిది. ఆ ఫాంటు చదువరి యంత్రములో కూడ ఉండవలెను. లేనిచో తెలుగు వాక్యమునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కనబడెడివి. కారణమేమనగా, ఆ ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల గదులలోనే మన తలకట్టును, గుడిని, కొమ్మును, వత్తును కూర్చుండబెట్టినవి. ఏ గదిలో ఏది కూర్చున్నదో ఒక పత్రికకును మరియొక పత్రికకును పొత్తు లేదు. కనుక వెదకుటకును వీలులేదు. ఒక పుట నుండి తీసి మరియొకచోట అతికించుటకును వీలులేదు. కంటికి తెలుగే గాని యంత్రమునకు అది తెలుగు కాదు.

పత్రికలవారిని ఇందుకు తప్పుపట్టుట న్యాయము కాదు. యూనికోడ్ 1991లోనే తెలుగునకు 128 గదులు కేటాయించినమాట నిజమే. కాని సామాన్యుని కంప్యూటరు దానిని సరిగా చూపగలుగుటకు పది సంవత్సరములు పట్టినది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ ఫాంటు వచ్చినది. అంతవరకు పత్రికలు ఆగియుండగలవా? మన ఇరుగుపొరుగు తమిళ సోదరులకును ఇదే చిక్కు కలిగినది. వారు 1999 ఫిబ్రవరిలో ఈ నగరములోనే ‘తమిళ్‌నెట్’ మహాసభ జరిపి, కీబోర్డుకును ఫాంటులకును ఒక కట్టడి చేసికొన్నారు. 2010లో తమిళనాడు ప్రభుత్వము యూనికోడ్‌ను అంగీకరించి ఉత్తరువు వెలువరించినది. మనకు అట్టి కట్టడి ఆ దినములలో సమకూడలేదు. ఆ లోటును తీర్చుటకు పూనుకొన్నది ప్రభుత్వమును కాదు, పెద్ద కంపెనీయు కాదు. ఒక తెలుగు యువకుడు.

ఆయన వెన్న నాగార్జునగారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టినవారు వీరే. 2005 ప్రాంతమున వీరు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునకు ‘పద్మ’ అను ఎక్స్‌టెన్షన్‌ను వ్రాసినారు. ఎక్స్‌టెన్షన్ అనగా, ఉన్న యింటి గోడలు కదలింపకుండ వేసికొన్న వసారా వంటిది. ‘ఈనాడు’, ‘వార్త’ మొదలగు పత్రికల పుటను తెరవగానే, పద్మ ఆ ఫాంటు పట్టికను చూచి అక్షరములను యూనికోడ్ తెలుగులోనికి మార్చి చూపెడిది. పిమ్మట తమిళము, మలయాళము మున్నగు సోదర భాషల లిపులకును ఇది విస్తరించినది.

ఈ మార్పు ఒక గదికి బదులు మరియొక గదిని వ్రాసినంత సులభము కాదు. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమును చూడుడు. కంటికి ముందుగా కనబడునది గుడిదీర్ఘముతో కూడిన ‘సీ’. తకార వత్తును రకార వత్తును దానిని ఆశ్రయించుకొని యుండును. యూనికోడ్‌లోనో, మనము పలికెడు వరుసలో సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, తుదకు ఈకారపు గుర్తు రావలెను. అనగా పద్మ ముక్కలను ఏరి, అక్షరము ఎచ్చట ముగిసినదో కనిపెట్టి, గుణింతమును చివరకు జరుపవలెను. చేయి తిరిగిన కంపోజిటరు చేయు పనిని ఇది వెనుకనుండి ముందునకు చేసినదన్నమాట.

దీని సోర్స్ కోడ్, అనగా మూలప్రతి, అందరికిని అందుబాటులో ఉండెను. ఇదియే మా వ్యాసమునకు ప్రాణము. దానిని కట్టుకొనుట బ్రహ్మవిద్య కాదు. జావాస్క్రిప్ట్‌లో వ్రాసిన పట్టికలు కొన్ని, ఎక్స్‌టెన్షన్ పేరును వివరములను తెలుపు ‘ఇన్‌స్టాల్.ఆర్‌డీఎఫ్’ అను చిన్న పత్రము ఒకటి. వీటిని జిప్ మూటగా కట్టి, ఆ మూటకు ‘ఎక్స్‌పీఐ’ అని తోక తగిలించి, ఫైర్‌ఫాక్స్‌లో తెరచిన చాలును. వివరపత్రము మూట పైభాగముననే ఉండవలెను. లోపలి సంచిలో పడినచో బ్రౌజరు గుర్తింపదు. ఆ పత్రములోనే ఏ ఫైర్‌ఫాక్స్ వరకు ఇది పనిచేయునో ఒక పంక్తి ఉండెడిది. బ్రౌజరు ఆ హద్దు దాటినపుడు ఎక్స్‌టెన్షన్ నిలిచిపోయెడిది. మూలప్రతి చేతనున్నవాడు ఆ అంకెను దిద్ది, మూటను మరల కట్టి, పని సాగుచున్నదో లేదో చూచుకొనగలిగెడివాడు. మూలప్రతి లేనివాడు ఒకరు వచ్చి దిద్దువరకు ఎదురుచూడవలసినదే.

కాలము మారినది. దొంగ ఎక్స్‌టెన్షన్‌ల బెడద హెచ్చుటచే, 2016 ఆగస్టులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 48 నుండి, సాధారణ ఫైర్‌ఫాక్స్‌లో మొజిల్లావారి డిజిటల్ ముద్ర లేని మూట నిలువదు. 2017 నవంబరు 14న వెలువడిన ఫైర్‌ఫాక్స్ 57తో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్‌లన్నియు ఆగిపోయినవి. ఇప్పుడు ‘మ్యానిఫెస్ట్.జేసన్’ అను పత్రముతో కొత్త పద్ధతిలో వ్రాయవలెను. అయినను తలుపు పూర్తిగా మూయబడలేదు. ఫైర్‌ఫాక్స్‌లో ‘అబౌట్:డీబగ్గింగ్’ అను పుటను తెరచి మన మూలప్రతిని తాత్కాలికముగా ఎక్కింపవచ్చును. బ్రౌజరును మూసి తెరచినచో అది పోవును. క్రోమ్‌లో డెవలపర్ మోడ్ పెట్టి, ‘లోడ్ అన్‌ప్యాక్డ్’ అను మీటతో సంచిని చూపిన చాలును. పరులెవ్వరో ఇచ్చిన మూటను ఇట్లు ఎక్కించుటకు ముందు, మనము చదువు ప్రతి పుటను అది చూడగలదను సంగతి మరువరాదు.

ఇప్పుడు వార్తాపత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్‌లో ఉండగా, ఈ పాత కథ మనకెందుకని కొందరు అడుగవచ్చును. మన వంటి ప్రవాసాంధ్ర సంఘముల సంచికలు, నాటకములు, పెద్దల వ్యాసములు ఎన్నో పాత ఫాంటులలో టైపు చేయబడి, సీడీలలోను పాత కంప్యూటర్లలోను పడియున్నవి. అవి తాళము వేసిన పెట్టెలు. బడిలో తమిళము, ఇంగ్లీషు చదివి, ఇంటనే తెలుగు నేర్చుకొను మన బిడ్డలు రేపు తాతగారి వ్యాసమును వెదకినచో దొరకవలెనా, వద్దా? పద్మ చేసిన పని పాతదైనను, ఫాంటు పట్టికలను విప్పి చదువు ఆ విద్య పాతది కాలేదు.

కావున మా విన్నపము రెండే మాటలు. పెద్దలు తమ పాత ఫైళ్లను, వాటి ఫాంటులతో సహా, పారవేయక భద్రపరుపవలెను. ఫాంటు పోయినచో పట్టిక పోవును. పట్టిక పోయినచో పెట్టె తెరచుట కష్టము. కంప్యూటరు విద్య నేర్చిన యువకులు, యువతులు సెలవుదినములలో కొన్నింటిని ఈ మార్పిడికి వినియోగింపవలెను. వారు వ్రాసిన మూలప్రతిని పదిమందికి పంచవలెను. ఇచ్చుటవలన తరుగనిది విద్య యని మన పెద్దలు ఊరకనే అనలేదు. ఈ ఉగాది ప్రతి ప్రవాసాంధ్ర గృహమునందును తెలుగు అక్షరమును వెలిగించుగాక!