ఫారంలో లేని గడి

మన సంఘ ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. నేను పంతులును కాను. విద్యాశాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. బళ్ల నుంచి ఉత్తీర్ణతా శాతాలు రాబట్టి, స్టేట్‌మెంటు కట్టి పైకి పంపడం నా పని.

పాత ఉపాధ్యాయ మిత్రులకు ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం గుర్తుండే ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980వ దశకంలో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి 1996 వరకు రాష్ట్రమంతటా నడిచింది. దానివి ఆరు సూత్రాలు: టీచరే కృత్యాలు తయారుచేయడం, పిల్లలు చేసి నేర్చుకోవడం, ఒంటరిగానూ జట్టుగానూ పనిచేయించడం, ఏ ఇద్దరు పిల్లలూ ఒకటి కాదని గుర్తించడం, ఊరి పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడలకు పెట్టడం.

ఆ రోజుల్లో మా పటేల్‌గూడ వైపు ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు వెళ్లాను. అయిదో తరగతి పిల్లలు అమీన్‌పూర్ చెరువు గట్టుకు పోయివచ్చి, చూసిన పక్షుల లెక్క చార్టు మీద గీస్తున్నారు. కూడికలు, భాగహారాలు అన్నీ అందులోనే. నేను మాత్రం ఏడో తరగతి కామన్ పరీక్ష శాతం అడిగాను. “ఇస్తాను సార్. ఈ చార్టుకు మీ ఫారంలో గడి ఉందా?” అన్నారు టీచరమ్మ. లేదు. మరుసటి ఏడు వెళ్తే గోడలు ఖాళీగా ఉన్నాయి, పిల్లలు ప్రశ్న-జవాబులు వల్లె వేస్తున్నారు. ఆవిడను తప్పుపట్టలేను. శాతం తగ్గిందని సంజాయిషీ అడిగిన కాగితం టైపు చేసింది నేనే.

ఆ తరువాత మంచి మాటలు చాలా వచ్చాయి. 1993లో ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ చదువు భారం తగ్గించమంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం జరపమంది, ఎనిమిదో తరగతి ముగిసేదాకా బోర్డు పరీక్ష వద్దంది. తెలంగాణలో 2014-15 నుంచి పదో తరగతిలో 20 మార్కులు ప్రాజెక్టు పనులు, చిన్న పరీక్షల వంటి వాటికి కేటాయించారు. అయితే ప్రాజెక్టుకు మార్కులు రాగానే అది జెరాక్స్ దుకాణంలో కూడా దొరకసాగింది! 2019లో చట్టాన్ని సవరించి, 5, 8 తరగతుల్లో పరీక్ష తప్పినవారిని ఆపే వీలు రాష్ట్రాలకిచ్చారు.

నాకు అర్థమైనది ఒక్కటే. పరీక్ష ఉండటం తప్పు కాదు, లెక్క తెలియాలి కదా. కానీ పైవారు దేన్ని అడుగుతారో బడిలో అదే మిగులుతుంది. జవాబు బట్టీపట్టి రాసే ప్రశ్న అడిగితే బట్టీయే వస్తుంది. చూసి, ఆలోచించి రాసేది అడిగితే టీచరు పిల్లలను మళ్లీ చెరువు గట్టుకు తీసుకుపోతుంది. నేడు పాశమైలారం కార్ఖానాల్లో పనికి వచ్చిన ఒడిశా, బీహార్ కుటుంబాల పిల్లలు మన పిల్లల పక్కనే కూర్చుంటున్నారు. వారందరికీ ఒకే గైడు ఎలా సరిపోతుంది?

పెన్షనర్ మిత్రులారా, మనవలు ఇంటికి రాగానే “ఎన్ని మార్కులు?” అని అడుగుతాం. ఇకపై “ఈ రోజు నువ్వేం ప్రశ్న అడిగావు?” అని కూడా అడుగుదాం. ఆ గడి నేను సర్వీసులో ఉండగా నింపలేకపోయాను. ఇంట్లోనైనా నింపుకుందాం.