ప్రబల కేంద్రక బలంలో స్వతః సౌష్ఠవ భంగం

పరమాణు కేంద్రకాన్ని కట్టి ఉంచే ప్రబల బలం సూత్రాల్లో ఉన్న ఒక సౌష్ఠవం ఆ బలానికి లోబడిన కణాల్లో కనబడదు. బయటి నుంచి ఎవరూ చెరపకుండా, దానంతటదే మరుగవుతుంది. ఈ సంగతి బయటపడిన కథకు పయాన్ అనే తేలికపాటి కణం మూలం.

1935లో హిడెకి యుకావా ఊహించిన ఈ కణాన్ని 1947లో బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం కాస్మిక్ కిరణాల జాడల్లో పట్టుకుంది. దాని ద్రవ్యరాశి సుమారు 140 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, ప్రోటాన్‌ది 938. పయాన్ ఎందుకంత తేలికో అప్పటికి ఎవరికీ అంతుబట్టలేదు.

జవాబు అతివాహకత, అంటే నిరోధం లేకుండా విద్యుత్తు ప్రవహించే గుణం, వైపు నుంచి వచ్చింది. 1957లో దాన్ని వివరించే బార్డీన్, కూపర్, ష్రీఫర్‌ల సిద్ధాంతం వెలువడినప్పుడు, అందులో విద్యుదావేశంతో ముడిపడిన గేజ్ సౌష్ఠవం ఏమైపోయిందన్న సందేహం షికాగోలోని యోయిచిరో నంబును పట్టుకుంది. అది తీరేదాకా ఆయన వదల్లేదు. సూత్రాల్లో సౌష్ఠవం చెక్కుచెదరలేదని, కనిష్ఠ శక్తి స్థితి మాత్రమే దాన్ని పాటించడం లేదని తేల్చారు.

బొంగరాన్ని తలచుకుంటే ఇది తేలిగ్గా బోధపడుతుంది. ఆగిపోయే బొంగరం ఏ పక్కకైనా ఒరగవచ్చు, కానీ ఒరిగేది ఒక్క పక్కకే. ఒరిగాక దాన్ని నేల మీద చుట్టూ దొర్లించడానికి వేలు తగిలిస్తే చాలు. నిలబెట్టాలంటేనే శ్రమ.

1960, 61లలో నంబు, ఇటలీకి చెందిన జొవాన్ని జోనా-లసీనియోతో కలిసి, ఇదే ఆలోచనను కేంద్రక కణాలకు వర్తింపజేశారు. ఎడమవాటం, కుడివాటం కణాలను విడివిడిగా మార్చినా సూత్రం మారకపోవడం కైరల్ సౌష్ఠవం. ద్రవ్యరాశి ఉంటే ఆ రెండూ కలిసిపోతాయి. ప్రోటాన్‌కు ద్రవ్యరాశి ఉంది కాబట్టి, కణ ప్రతికణ జతలతో నిండిన శూన్యమే ఒక పక్కకు ఒరిగిందని వాళ్లు వాదించారు. ఇక్కడ నేల మీద శ్రమ లేకుండా దొర్లే కదలికే పయాన్. అలాంటి కదలికకు ద్రవ్యరాశి ఉండకూడదని జెఫ్రీ గోల్డ్‌స్టోన్ కూడా 1961లో చూపారు. ప్రోటాన్ లోపలి కణాలైన క్వార్కుల ఊహ పుట్టడానికి ఇంకా మూడేళ్లుంది. ఇంత దూరం చూడగలగడం నిజంగా అబ్బురం!

మరి పయాన్ ద్రవ్యరాశి పూర్తిగా సున్న ఎందుకు కాలేదు? క్వార్కులకు సహజంగానే కొద్దిపాటి ద్రవ్యరాశి ఉంది కనుక. పయాన్ ద్రవ్యరాశి వర్గం దానికి అనుపాతంలో ఉంటుందని 1968లో గెల్-మాన్, ఓక్స్, రెన్నర్ చూపారు. ప్రోటాన్‌లోని మూడు క్వార్కుల సొంత ద్రవ్యరాశి కలిపినా దాదాపు 9 మెగా ఎలక్ట్రాన్ వోల్టులే, అంటే నూటికి ఒక వంతు. మిగతాదంతా ప్రబల బలం చలవే.

1973 నాటికి రూపుదిద్దుకున్న ప్రబల బలం సిద్ధాంతం క్వాంటం క్రోమోడైనమిక్స్‌ను కంప్యూటర్లపై లెక్కించి చూస్తే, సుమారు లక్షా ఎనభై వేల కోట్ల డిగ్రీలు దాటాక ఈ భంగం కరిగిపోతుంది. విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో అంత వేడి ఉండేది.

నంబుకు 2008లో నోబెల్ బహుమతిలో సగభాగం దక్కింది. స్టాక్‌హోంలో ఆయన ఉపన్యాసాన్ని ఆయన తరఫున జోనా-లసీనియో వినిపించారు.