ఎటోపొసైడ్ – తార్నాక

మా మేనకోడలికి మల్టిపుల్ స్క్లెరోసిస్. మూలకణ మార్పిడి సంగతి వచ్చినప్పుడు డాక్టరు రాసిచ్చిన కాగితం నా ముందు పెట్టి, "మామయ్యా, నువ్వు కెమిస్ట్రీ చదివావుగా, ఇవేంటో చెప్పు" అంది. కార్ముస్టిన్, ఎటోపొసైడ్, సైటారబిన్, మెల్ఫలాన్. రెండో పేరు నాకు పాత పరిచయం.

ఉస్మానియాలో ఎమ్మెస్సీ రోజుల్లో సాయంత్రాలు క్యాంపస్ దాటి తార్నాక చౌరస్తాకి టీకి నడిచేవాళ్ళం. అక్కడికి ఆర్ఆర్ఎల్‌లో రీసెర్చి చేసే సీనియర్లు వచ్చేవాళ్ళు, చొక్కాలకి ల్యాబు వాసనతో. 1944లో హైదరాబాద్ రాజ్యం పెట్టిన ప్రయోగశాల అది. 1956లో సీఎస్ఐఆర్ కిందికి వెళ్ళి ఆర్ఆర్ఎల్ అయింది. నేను ఎమ్మెస్సీ పూర్తిచేసిన 1989లోనే ఐఐసీటీ అని పేరు మార్చారు. నా నోటికి మాత్రం ఇప్పటికీ ఆర్ఆర్ఎల్లే.

1985లో పుణేలోని ఎన్‌సీఎల్ ప్రయోగశాల నుంచి గుంటూరు మనిషి ఎ.వి. రామారావు డైరెక్టరుగా వచ్చారు. అప్పటి మన చట్టం, 1970 నాటిది, మందుకి పేటెంటు ఇచ్చేది కాదు, తయారుచేసే పద్ధతికే ఇచ్చేది. అదే మందుని వేరే దారిలో చేస్తే ఎవరూ అడగలేకపోయేవాళ్ళు. ఆ వేరే దారి వెతకడమే టీ దగ్గర మా సీనియర్ల కబుర్లు. ఎటోపొసైడ్‌కి మూలం హిమాలయాల్లో పెరిగే పొడోఫిల్లమ్ అనే చిన్న మొక్క. దాని వేళ్ళలోని పొడోఫిల్లోటాక్సిన్‌ని మార్చి ఈ మందు చేస్తారు. 1991లో మందుల కంపెనీ సిప్లా ఐఐసీటీతో కలిసి దీన్ని మన దేశంలో విడుదల చేసింది. క్యాన్సర్ మందుగానే. నరాల జబ్బు ఊసే లేదు.

1995లో గ్రీసులోని థెస్సలొనికిలో ఫస్సాస్ అనే డాక్టరు బృందం లింఫోమాకి వాడే ఈ నాలుగు మందుల్నే మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకి వాడటం మొదలుపెట్టింది. మొదటి 15 మంది ఫలితాలు 1997లో అచ్చయ్యాయి. వాళ్ళ సీసాల్లోది తార్నాక సరుకని నేననను. మందు అదే, అంతవరకే.

ఈ జబ్బులో రోగనిరోధక కణాలు దారి తప్పి నరాల మీది మైలిన్ తొడుగుని తినేస్తాయి. రోగి మూలకణాల్ని ముందే తీసి గడ్డకట్టించి దాస్తారు. తర్వాత మందులతో ఆ దారితప్పిన కణాల్ని వీలైనంతవరకు ఊడ్చేసి, దాచినవాటిని తిరిగి ఎక్కిస్తారు. మూలకణాలు నరాన్ని అతకవు, ఖాళీ అయిన మజ్జలో రక్తాన్ని మళ్ళీ పుట్టిస్తాయి. జబ్బు మీద పడేది మందులు. పేరు మూలకణాలది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇది తెలియకే అంతకుముందు ఒక క్లినిక్ మాట నమ్మి మా చెల్లెలు గాజులు తాకట్టు పెట్టబోయింది. మందులక్కర్లేదు, మూలకణాల ఇంజెక్షన్లు వేస్తే నరాలు కొత్తగా మొలుస్తాయన్నారట!

అసలు మార్పిడి గురించి 2019లో అచ్చయిన పరీక్షలో 110 మంది ఉన్నారు. జబ్బు ముదిరింది మార్పిడి చేయించుకున్నవాళ్ళలో ముగ్గురికి, మామూలు మందులవాళ్ళలో 34 మందికి. అక్కడ వాడిన మందులు వేరు, రోగులు కూడా జబ్బు వచ్చిపోతూ ఉండే దశలోవాళ్ళు. ఇన్ఫెక్షన్లూ, పిల్లలు పుట్టకపోయే ప్రమాదమూ ఉన్నాయి. తొలి ఏళ్ళలో ప్రాణాలూ పోయాయి. ఏదీ దాచకుండా చెప్పాను.

మొన్న మా మేనకోడలు తార్నాక మెట్రో లిఫ్టు దిగి, కర్ర పట్టుకుని నాతో ఆర్ఆర్ఎల్ గోడ వెంట నడిచింది. "ఏ బిల్డింగులో చేశారు?" అంది. గేటు దాటి లోపలికి నేనెప్పుడూ వెళ్ళలేదు. చెట్ల వెనక ఎటో చెయ్యి చూపించాను.